బాపు మెట్లెక్కిన యాడ్

ఆగస్టు 4, సోమవారం

ఇవాళ మా ఇంట్లో సేమియా పాయసం. బాపు ఎక్స్‌రే బాగా చెడిపోయి వచ్చింది.

డాక్టరు ఫిల్మ్‌ను వెలుగుకు పట్టి చూసి, రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయన్నాడట. అన్న జగదీశ్వర్ ఆ మాట గేటు దగ్గరి నుంచే చెప్పుకుంటూ వచ్చాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది, వెంటనే పాలు పొయ్యి మీద పెట్టింది. మా కాలనీలో ఇంతే. మెడికల్ బోర్డు తండ్రిని అన్‌ఫిట్ అంటే ఆయన గని దిగడం మానేసి ఇంట్లో కూర్చోవచ్చు, ఆయన ఉద్యోగం పిల్లల్లో ఒకరికి వస్తుంది. ఫిట్ అంటే అదే దగ్గుతో మళ్లీ దిగాలి. బాపు రిటైర్ కావడానికి ఇంకా మూడేళ్ల పైనే ఉంది. అంతకాలం దిగితే ఏమవుతుందో ఆ ఫిల్మ్ చూస్తే నాకే తెలుస్తోంది, డాక్టరు చెప్పనక్కర్లేదు. ఎవరింట్లో తండ్రి దగ్గు ముదిరినా పక్కింటివాళ్లు పరామర్శకు వచ్చినట్టే వచ్చి కుళ్లుకుని పోతారు.

ఉద్యోగం అన్నకు. అదెప్పుడో తేలిపోయిన మాట. ఇప్పుడు కూతుళ్లకూ ఇస్తున్నారు. నాకు ఎంసీఏ ఉంది, అన్న ఇంటర్ తప్పాడు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా వద్దనేదాన్ని. నాకు నా యాప్ ఉంది.

పాయసం రెండు గిన్నెలు తిన్నాను.

ఆగస్టు 6

యాడ్‌కు నాలుగు ముక్కలు కావాలట. ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. "దిగిన ప్రతి షిఫ్టుకూ మీకొక మస్టర్. మస్టర్లు తగ్గితే సెలవులు పోతాయి, బోనస్ తగ్గుతుంది. ఇంకా క్యాలెండర్ మీద సున్నాలు చుడుతున్నారా? డ్యూటీ నుంచి రాగానే ఒక్కసారి నొక్కండి. మిగతా లెక్క మస్టర్ బుక్ చూసుకుంటుంది."

బాగానే ఉంది. హైదరాబాద్‌లో నన్ను ఉద్యోగం నుంచి తీసేసిన కంపెనీలో ఇలాంటివి రాసేవాళ్లకు నాకంటే రెట్టింపు జీతం.

మస్టర్ బుక్ అని ఈ యాప్ పెట్టి నాలుగు నెలలైంది. డౌన్‌లోడ్లు నలభై ఒకటి, అందులో మూడు మా ఇంట్లోవే. రోజుకు మూడు వందలు పెట్టి యాడ్ మొదలుపెట్టాను. ఫోటో ఇంటర్నెట్‌లో కొన్నాను. మొహానికి బొగ్గు పూసుకుని నవ్వుతున్న కార్మికుడు.

ఆగస్టు 7

ఒక్క రోజులో రెండు వందల పన్నెండు. అన్నకు ఇంకా చూపించలేదు. వెయ్యి కానీ, చూపిస్తాను.

ఆగస్టు 10, ఆదివారం

ఆరు వందల మంది డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఒక్కడు కూడా ఒక్క మస్టరూ నొక్కలేదు.

ఊళ్లు చూస్తే నేనెప్పుడూ వినని పేర్లు. యాడ్ మెషీన్‌కు గనులతో పనేముంది, ఎవరు చవకగా దొరికితే వాళ్లను పట్టుకొచ్చింది. ఫోన్లో ఆట ఆడుతూ, ఇంకో యాప్ దించుకుంటే నాణేలిస్తామంటే దించుకుని, నాణేలు రాగానే నా యాప్‌ను పీకేసినవాళ్లు. ఇంత దాకా వచ్చాక గాని, యాడ్ ఏ ఊళ్లలో కనిపించాలో రాసే ప్రాంతం అనే గడి ఒకటి ఉందని నేను చూడలేదు. ఎంసీఏ.

చౌరస్తాలో తాబిష్ దుకాణానికి వెళ్లాను. పదో తరగతి వరకు ఇద్దరం ఒకే బెంచీ వరస. ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తాడు. యాడ్ చూపించాను. ఫోటోను వేళ్లతో పెద్దది చేశాడు.

"సంధ్యా, గీ మనిషివి నీలి కండ్లున్నయి చూసినవా?"

చూడలేదు.

"గీయన ఏ గనిల దిగుతడని మనోళ్లు నొక్కాలె? పైసలు పెట్టుడు బంద్ చెయ్. నా దుకాణంకు రోజు పది మంది కార్మికులొస్తరు. ఫోనుకు గ్లాసు ఏసేటప్పుడు నేనే ఎక్కిచ్చి, ఎట్ల నొక్కాల్నో చూపెట్టి పంపిస్త."

"గట్లయితె వెయ్యి మంది ఎప్పుడయితరు?"

"జల్ది ఏమున్నది?"

జల్ది ఉంది. అన్న మెడలో కంపెనీ కార్డు పడేలోపు నా యాప్ నిలబడాలి. వదిన జమున ఇప్పుడే నాకు చాయ్ ఇచ్చేటప్పుడు గ్లాసు కొద్దిగా గట్టిగా పెడుతోంది. అప్పుడు ఎంత గట్టిగా పెడుతుందో.

తాబిష్ ఎక్కించినవాళ్ల లెక్క వేరుగా తెలిసేలా అతని పేరు మీద ఒక కోడ్ ఇచ్చి వచ్చాను. అతని మనసు కష్టపెట్టడం ఎందుకని.

ఆగస్టు 17, ఆదివారం

నీలి కళ్లవాడు వద్దు. తెలిసిన మొహం కావాలి. ఆ ఒక్క మాట తాబిష్ సరిగ్గానే చెప్పాడు. తెలిసిన మొహం ఇంట్లోనే ఉంది.

బాపును అడగగానే గడ్డం గీసుకుని వచ్చాడు. నీలం చొక్కా, గని టోపీ, బూట్లు. క్యాప్ ల్యాంపు ఇంటికి తెచ్చే వీల్లేదు, గని దగ్గరే అప్పజెప్పాలి. అది లేకుండా టోపీ పెట్టుకోవడానికి ఆయనకు సిగ్గేసింది. "లైటు లేకుంట టోపీ పెడ్తె సూపర్‌వైజర్ తిడ్తడు బిడ్డ" అని నవ్వాడు. మా క్వార్టర్ల బ్లాకు మెట్లు మూడో అంతస్తు దాకా గబగబా ఎక్కి, పైన నిలబడి రొమ్ము మీద ఒక్కటి చరుచుకుని చెప్పాలి: "ఇరువై తొమ్మిదేండ్ల సంది దిగుతున్న. ఒక్క మస్టర్ గూడ తప్పిపోలె. లెక్క నా ఫోన్ల ఉన్నది."

మొదటిసారి మొదటి అంతస్తు దగ్గరే ఆగిపోయాడు. రెయిలింగ్ పట్టుకుని దగ్గాడు. నేను కింద నుంచి, "బాపు, దగ్గు రాకముందుదాంక ఎక్కు, నేను అతికిస్త" అన్నాను. అలా ఆరు ముక్కలు తీశాను. ప్రతి ముక్కకూ మధ్య ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. ముక్కలన్నీ అతికిస్తే పద్నాలుగు సెకన్లు. అందులో ఆయన ఆగకుండా, రొప్పకుండా, కుర్రాడిలా ఎక్కిపోతాడు. చివరి మాట వెనక సన్నగా ఈల లాంటి చప్పుడు ఉంది. ఛాతీలోది. దాన్ని తీసేసి డప్పు పెట్టాను.

బాపు నాలుగుసార్లు చూసుకున్నాడు. "నేనేనా" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చప్పుడు తీయడానికి గంట పట్టింది మరి.

ఆగస్టు 19

ప్రాంతం గడిలో గోదావరిఖని, సెంటినరీ కాలనీ, శ్రీరాంపూర్. అన్నీ గనుల ఊళ్లే. ఈసారి కళ్లు తెరుచుకునే నింపాను.

ఆగస్టు 20

నాలుగు వందల ముప్పై. అందరూ ఇక్కడివాళ్లే.

ఆగస్టు 23

మా బాపు సదయ్యను షిఫ్టు దగ్గర అందరూ యాడ్ సదన్న అంటున్నారట. షిఫ్టు మీద పెత్తనం చేసే ఓవర్‌మన్ కూడా పిలిచి, ఒకసారి రొమ్ము చరిచి చూపించమన్నాడట. చెబుతూ చెబుతూ బాపు మళ్లీ చరుచుకుని చూపించాడు, అమ్మ ముసిముసిగా నవ్వింది. ఇరవై తొమ్మిదేళ్లు గని దిగినా ఆయన పేరు ఎవరికీ తెలియదు. పద్నాలుగు సెకన్లకు తెలిసింది.

అన్న టిప్పర్ డ్యూటీ నుంచి మట్టి మొహంతో వచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"బోర్డు ముందర గీ ఆటలేంది సంధ్య? ఆయన ఉరుకుతుండని ఊరంత చూపెడ్తవా?"

"ఊరంత చూడది. కార్మికులకే పోతది. పది కిలోమీటర్లు దాటి పోదు."

"బోర్డు డేట్ వచ్చినంక తీసెయ్."

"తీసేస్త."

అన్న ఉద్యోగం కోసం నా యాడ్ తీసేయాలి. నా కోసం అన్న ఎప్పుడైనా టీవీ సౌండు తగ్గించాడా?

ఆగస్టు 28

లెటర్ వచ్చింది. సెప్టెంబర్ 11న బోర్డు. అమ్మ లెటర్‌ను దేవుడి పటం ముందు పెట్టింది. మొగుడు పనికిరాడని రాసివ్వండని దేవుణ్ణి అడగడం మా అమ్మకే చేతనవుతుంది. తప్పని అనను. బాపు ఇవాళ అన్నం తింటూ రెండుసార్లు బయటికి వెళ్లి వచ్చాడు.

డౌన్‌లోడ్లు తగ్గుతున్నాయి. ఈ చుట్టుపక్కల చూసినవాళ్లే చూస్తున్నారు.

ఆగస్టు 30

ఒక ఆలోచన వచ్చింది. చాలా మంచి ఆలోచన. హైదరాబాద్‌లో అయితే దీనికి బహుమతి ఇచ్చేవాళ్లు.

బోర్డు కూర్చునే ఊళ్లో, ఆ దవాఖాన వరండాల్లో, అన్ని ఏరియాల కార్మికులూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పేరు పిలిచే వరకు కూర్చునే ఉంటారు. చేతిలో ఫోను తప్ప పని ఉండదు. అంత మంది కార్మికులు ఒకేచోట ఇంకెక్కడ దొరుకుతారు? ప్రాంతం గడిలో ఆ ఊరి పేరు కొట్టాను. దవాఖాన చుట్టూ రెండు కిలోమీటర్లు అని గీశాను.

బాపు డేట్‌కు ఇంకా పన్నెండు రోజులుంది. అప్పటికి తీసేస్తాను.

సెప్టెంబర్ 2

ఒక్క ఆ ఊరి నుంచే నూట ఎనభై. నేను చెప్పానా.

సెప్టెంబర్ 6

ఛార్జర్ కొనడానికి వెళ్తే తాబిష్ దుకాణం షట్టర్ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"మా మామ బోర్డుకు పోయిండు. వరండల కూసుంటె మీ బాపు యాడ్ వచ్చిందట. గాడ ఎందుకు పెట్టినవ్?"

"మంచిగ నడుస్తున్నది గాడ."

"నడుస్తది. డాక్టర్ల చేతులల్ల గూడ ఫోన్లుంటయి సంధ్యా. ఆ వారమన్న ఆపు."

"ఆపుత. నాకు తెల్వదా?"

"తెలుసు నీకు. అందుకే చెప్తున్న."

ఆ చివరి మాట నాకు నచ్చలేదు. ఛార్జర్ కొనకుండానే వచ్చేశాను. రేపు ఆపేస్తాను.

సెప్టెంబర్ 8

రేపు ఆపేస్తాను.

సెప్టెంబర్ 10

ఇవాళ అన్నిటికంటే ఎక్కువ. మొత్తం మూడు వేలు దాటి నాలుగు వేల వైపు వెళ్తోంది. మధ్యలో ఆపితే మెషీన్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి, అప్పుడు ఖర్చు ఎక్కువవుతుంది. ఇది నేను కల్పించింది కాదు, అన్ని వీడియోల్లోనూ చెబుతారు.

అన్న కొత్త చెప్పులు కొన్నాడు. ఉద్యోగంలో చేరే రోజు వేసుకుంటాడట. వదిన వాటిని పెట్టెలోంచి తీసి నాకు చూపించింది. బాగున్నాయన్నాను.

బోర్డులో చూసేది ఎక్స్‌రే. ఎక్స్‌రే అబద్ధం చెప్పదు కదా. యాడ్‌కూ దానికీ సంబంధం ఏమిటి?

సెప్టెంబర్ 11

తెల్లారే బాపు, అన్న బస్సెక్కారు. బాపు నీలం చొక్కా వేసుకున్నాడు, యాడ్‌లో వేసుకున్నదే. వేరేది వేసుకొమ్మని చెబుదామని గుమ్మం దాకా వెళ్లాను. చెప్పలేదు.

సెప్టెంబర్ 12

ఫిట్.

ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. అన్న ముక్కలు ముక్కలుగా అరిచిందీ, బాపు తర్వాత నాతో చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

వరండాలో అడుగు పెట్టగానే ఎవరో "యాడ్ కాక వచ్చిండు" అన్నారట. అందరూ చుట్టూ చేరారు. పక్కన నిలబెట్టుకుని ఫోటోలు దిగారు. ఒక్కసారి చెప్పు కాక అంటే బాపు లేచి నిలబడి, రొమ్ము చరుచుకుని, ఇరువై తొమ్మిదేండ్ల సంది దిగుతున్న అని మొత్తం చెప్పాడు. వద్దు బాపు అని అన్న చెయ్యి పట్టి లాగాడట. అంత మంది అడుగుతుంటే మా బాపుకు కాదనడం రాదు. ఆయన జీవితంలో అంత మంది ఒకేసారి ఆయనను ఏదీ అడగలేదు.

లోపల ముగ్గురు డాక్టర్లు. ఎక్స్‌రే చూశారు. గొట్టంలోకి ఊదించారు. మచ్చలున్నాయి, కానీ పని చేయలేనంతగా ఉన్నాయా లేదా అని వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటుంటే, చివర కూర్చున్న డాక్టరు బాపు మొహం వైపే చూస్తూ తన ఫోన్ తీశాడట.

"ఇది నువ్వేనా?"

"నేనే సార్. నా బిడ్డ తీసింది."

"మూడంతస్తులు ఆగకుంట ఎక్కుతున్నవు కదా సదయ్యా."

ఇంకో డాక్టరు కూడా వంగి చూశాడు. ఆ తర్వాత ఎక్కువసేపు పట్టలేదు.

అన్న డాక్టర్లను తిట్టాడు, తలరాతను తిట్టాడు, చెప్పుల పెట్టెను గోడకేసి కొట్టాడు. నన్ను కూడా తిట్టాడు గానీ సరిగ్గా తిట్టలేదు. యాడ్ అంటే టీవీలో వచ్చినట్టు అన్ని ఫోన్లకూ వస్తుందనుకుంటున్నాడు. ఆ ఊరి పేరు ఎవరో ఒకరు కూర్చుని కొడితేనే అక్కడికి వెళ్తుందని అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

అందరూ పక్కలకు చేరాక బాపు వసారాలో కుర్చీలో కూర్చుని ఉంటే వెళ్లి అడిగాను.

"ముక్కలు చేసి అతికిచ్చింది అని చెప్పకపోయినవా బాపు? ఆరు సార్లు కూసున్న అని చెప్పకపోయినవా?"

ఆయన నా వైపు చూడకుండా మోకాళ్లు నిమురుకున్నాడు.

"ఎట్ల చెప్పుదు బిడ్డ. గట్ల చెప్తె నీ యాడ్ అబద్ధమని తేలుతది గద. గంత మంది మెచ్చుకున్నరు."

సెప్టెంబర్ 13

ఆపేశాను. ఎర్రగా ఒక చిన్న బటన్. ఒక సెకను కూడా పట్టలేదు.

సెప్టెంబర్ 15

బాపు మళ్లీ పొద్దుటి షిఫ్టుకు వెళ్లాడు.

సెప్టెంబర్ 20

తప్పో ఒప్పో, యాడ్ పని చేసిందా లేదా అన్నది తేలాలి. అదైనా తేలాలి. పొద్దుటి నుంచి లెక్కలు తీశాను.

బాపు యాడ్ చూసి దించుకున్నవాళ్లు మూడు వేల తొమ్మిది వందల మంది. వాళ్లలో ఇవాళ్టికీ రోజూ మస్టర్ నొక్కుతున్నవాళ్లు ముప్పై ఒక్క మంది. మిగతావాళ్లు బాపును చూసి నవ్వుకుని, తెలిసినవాడు కదా అని దించుకుని, రెండు రోజులకు తీసేశారు. వాళ్లకు కావలసింది సదన్న, యాప్ కాదు.

తాబిష్ కోడ్ మీద వచ్చినవాళ్లు నూట డెబ్బై. గ్లాసు వేస్తూ, ఒక్కొక్కరికీ చేతిలో పెట్టి చూపించి ఎక్కించినవాళ్లు. వాళ్లలో ఇప్పటికీ నొక్కుతున్నవాళ్లు నూట నలభై ఎనిమిది. వాళ్ల కోసం నేను ఒక్క పైసా పెట్టలేదు. తాబిష్ ఈ మాట నాకు చెప్పనూ లేదు.

బోర్డు ఊరి నుంచి ఆరు వందల నలభై. మిగిలింది సున్నా. నాలుగుసార్లు చూశాను, సున్నానే. కారణం చిన్నపిల్లకైనా తడుతుంది. ఆ వరండాలో కూర్చున్నవాళ్లంతా ఇక గని దిగకుండా ఉండడానికి వచ్చినవాళ్లు. ఇక మస్టరే వద్దని దండం పెట్టుకుంటున్న మనుషులకు నేను మస్టర్లు లెక్కబెట్టే యాప్ చూపించాను. చాలా మంచి ఆలోచన అని రాసుకున్నాను, పైన ఉంది.

మరి ఆ ఊరి పేరు ఎందుకు కొట్టాను? కార్మికులు ఒకేచోట దొరుకుతారని. అంతేనా? అంతే అని మూడుసార్లు రాసి కొట్టేశాను. అన్న పేరు చెప్పిన రోజు నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే వద్దనేదాన్ని కాదు. నాకు కావాలి ఆ ఉద్యోగం. అన్నకు మాత్రం రాకూడదనుకున్నాను. బాపు మళ్లీ దిగాలని అనుకోలేదు. ఆ రెండూ ఒకటేనని తెలియనంత చిన్నపిల్లనేం కాదు.

సెప్టెంబర్ 24

అమ్మ నాతో మామూలుగానే మాట్లాడుతోంది. అది భరించడం కష్టంగా ఉంది. అన్న మాట్లాడడం లేదు. అది నయం.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఇవాళ సెలవు. బాపు మధ్యాహ్నం నా గదికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఈ రెండు వారాల్లో చొక్కా ఆయనకు వదులైంది. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడు, ఆగి ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

"ఒక మాట అడుగుత, నిజం చెప్పు. గా యాడ్ నీకన్న పనికొచ్చిందా బిడ్డ?"

నా ముందు ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. ముప్పై ఒకటి, సున్నా, అన్నీ తెర మీదే ఉన్నాయి. ఆయనకు చదవడం రాదు.

"వచ్చింది బాపు. మస్తు పనికొచ్చింది."

ఆయన మొహం తేలికపడింది. పదకొండో తారీఖు తర్వాత అలా చూడడం ఇదే మొదలు. కాసేపు తల ఊపుతూ కూర్చున్నాడు.

"గట్లయితె ఫికర్ లేదు. జగ్గడు కోపంల ఉన్నడు గని, ఇంట్ల ఒక్కరికన్న ఫాయిద అయింది గద." లేచాడు. "ఇంకోటి తియ్యి మరి. పాతది అందరు చూసిన్రు. ఈసారి ముక్కలు చేసే పని పెట్టను, ఆగకుంట ఎక్కుత."

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. నోట్లోంచి మాట వచ్చేలోపే ఆయన బూట్లు వేసుకుంటున్నాడు.

మెట్ల దగ్గర కింద నిలబడ్డాను. ఆయన టోపీ సర్దుకుని మొదలుపెట్టాడు. మొదటి అంతస్తు మూలమలుపు దగ్గర ఆగాడు. రెయిలింగ్ మీద వంగిపోయి చాలాసేపు దగ్గాడు, ఉమ్మాడు, ఉమ్మినదాన్ని బూటుతో రుద్దేశాడు. కిందికి వచ్చి, "దగ్గు పడ్డది. మల్లొక్కసారి" అన్నాడు.

"చాలు బాపు, మంచిగనే వచ్చింది."

"గట్లెట్ల చాల్తది. అబద్ధం ఉండద్దు ఈసారి."

రెండోసారి ఆయన ఎక్కుతుంటే నేను రికార్డు బటన్ నొక్కలేదు. ఫోను మాత్రం కంటి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను, దించితే ఆయనకు తెలిసిపోతుందని. నాలుగుసార్లు ఎక్కాడు.